కొండ శరత్తు – కాగితపు ఆకు

చిన్న తరగతుల పిల్లలకు చేతిపని నేర్పు పుస్తకములలో శరదృతువునకు ఒక పాఠము తప్పక ఉండును. ఎర్రని, పసుపుపచ్చని, నారింజవన్నె కాగితములను అయిదు కొనలుగల ఆకులుగా కత్తిరించి, మట్టిరంగు కాగితపు కొమ్మకు అంటించి, కొన్నింటిని నేలపై రాలినట్లు అమర్చవలెనని అందు వ్రాసియుండును. పని సులభము. చూచుటకు ముచ్చటగా నుండును. ఆరేడేండ్ల బిడ్డ చేతికి తగినది. అయినను తూర్పు కనుమలలో, రంపచోడవరము వంటి కొండ ఊరి పాఠశాలలో, ఒక బిడ్డ అక్టోబరు మాసమున అట్టి ఆకును కత్తిరించి కిటికీలోనుండి బయటకు చూచినచో ఏమి కనిపించును? వానలు వెనుదీసిన పిదప కడిగినట్లున్న ఆకాశము, దాని క్రింద చిక్కని పచ్చదనము. కొండ వాలులందు చోళ్ళు, కంది చేలు. ఎర్రబడి రాలుచున్న ఆకు ఎక్కడను లేదు. పుస్తకము ఒకటి చెప్పుచున్నది, కన్ను మరియొకటి చెప్పుచున్నది. బిడ్డ దేనిని నమ్మవలెను?

ఈ చిక్కు కాగితమువలన వచ్చినది కాదు, మాటవలన వచ్చినది. ఇంగ్లీషువారు 'ఆటమ్' అను ఋతువును మనవారు కొందరు శరదృతువనియు, కొందరు ఆకురాలు కాలమనియు తెలుగు చేసిరి. రెండును ఒకటే యను భావము పిల్లల పుస్తకములలో స్థిరపడినది. నిజమునకు ఆ రెండింటికిని మనకు మూడు నాలుగు మాసముల ఎడమున్నది. శరత్తనగా ఆశ్వయుజ కార్తికములు. దసరా, దీపావళి, పున్నమ వెన్నెల, తేరిన ఏటి నీరు, ఇవి దాని గురుతులు. ఆకులు రాలునది శిశిరమున, అనగా మాఘ ఫాల్గుణములందు. నెలల లెక్కకు సరిపోవు మాట ఒకటి, జరుగు పనికి సరిపోవు మాట మరియొకటి. రెండింటిని ఒకే మూటలో కట్టి బిడ్డ చేతికిచ్చుటవలన ఈ తబ్బిబ్బు కలిగినది.

ఆ దేశములలో ఆకులు ఎర్రబడుటకు కారణమేమి? శీతల దేశములందు సెప్టెంబరు దాటినది మొదలు పగటి పొద్దు త్వరత్వరగా తగ్గిపోవును. చలి ముదిరి నేలలోని నీరు గడ్డకట్టు దినములు దగ్గరపడును. అప్పుడు చెట్టు తన ఆకులలోని పత్రహరితమును విడదీసి, అందలి సారమును కొమ్మలలోనికి, వేళ్ళలోనికి తీసికొని దాచుకొనును. పచ్చదనము తొలగగానే అంతవరకు దానిచాటున నున్న పసుపురంగు బయటపడును. ఎరుపు మాత్రము అట్లు దాగియున్నది కాదు. ఆంథోసయనిన్ అను ఆ రంగును అనేక జాతుల చెట్లు రాలుటకు ముందు క్రొత్తగా తయారుచేయును.

మన కొండలలోని టేకు, మద్ది, వేగిస మొదలైన చెట్లును ఆకు రాల్చునవే. అయితే వాని భయము చలి కాదు, నీటి కరవు. వానలు ఆగిన తరువాత కూడ నేలలో చాలకాలము తేమ నిలిచియుండును. ఆ తేమ తరిగిపోవువరకు అవి పచ్చగనే యుండి, పొడి దినములు వచ్చినపుడు ఆకులను విడిచివేయును. ఆకు లేనిచో దానినుండి ఆవిరియై పోవు నీరును లేదు. కావున రంపచోడవరపు అడవి బోడిగా కనిపించునది దసరాకు కాదు, శివరాత్రి దినములకు.

ఇందు మరియొక విచిత్రము కలదు. మన కంటికి ఎర్రని ఆకు ముసలి ఆకు కాదు, పసి ఆకు. మామిడి చిగురు తామ్రవర్ణము. రావి చిగురు అంతకంటె నిగనిగలాడును. వేసవి తొలిదినములలో పుసుగు చెట్టు నిలువెల్ల ఎర్రని లేతాకు తొడిగి, దూరమునుండి చూచువారికి పూచినట్లే కనిపించును. శీతల దేశములలో పండుటాకునకు వన్నె నిచ్చు రంగులే మన దేశమున చిగురుటాకునకు ఎరుపు నిచ్చుచున్నవి. లేత ఆకును తీక్ష్ణమైన ఎండనుండి, పురుగులనుండి కాపాడుటకు ఇది తోడ్పడునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అచ్చట ఎరుపు వీడ్కోలు, ఇచ్చట ఎరుపు రాక. కనుక ఉపాధ్యాయుడు ఎర్ర కాగితములను పారవేయ నక్కరలేదు. ఉగాదికి దాచియుంచిన చాలును.

నాటుబాదము ఆకు ఎర్రబారి రాలుట లేదా యని కొందరు అడుగవచ్చును. నిజమే, అది ఎర్రబడును. అయితే అది తీరప్రాంతపు చెట్టు. ఏడాదికి ఒకటి రెండు మారులు తన వేళకు తాను ఆకు మార్చుకొనును. దానినిబట్టి అడవినంతటిని ఎర్రగా తీర్చరాదు.

మరి కొండ పాఠశాలలోని బిడ్డ శరత్కాలమున ఏ ఆకు కత్తిరించవలెను? అడ్డాకు. తూర్పు కనుమలలో ఈ తీగ ఎరుగని ఇల్లుండదు. రంపచోడవరమునకు పొరుగుననున్న అడ్డతీగల అను ఊరి పేరులోనే అది నిలిచియున్నది. పెద్ద పెద్ద మానులను చుట్టుకొని కొనవరకు ప్రాకు ఈ తీగ ఆకు, బాగుగ పెరిగినచో పెద్దవాని రెండు అరచేతులను కప్పును. ఒక్కొక్కటి మూర వెడల్పు వరకు పెరుగుటయు కలదు. ఈ ఆకులను కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేయుదురు. మైదానపు ఊళ్ళలో పెండ్లి పంక్తులకు ఆ విస్తళ్ళు ఎన్నో తరములనుండి దిగివచ్చుచున్నవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొండవాసుల వద్ద కొనిన అటవీ ఫలసాయములలో అడ్డాకును ఒకటి. తల్లి ఆకు ప్రక్కన ఆకు పేర్చి పుల్ల గుచ్చుచుండగా చూచుచు పెరిగిన బిడ్డకు మడత యననేమో, కుట్టు యననేమో వేరుగ చెప్ప నక్కరలేదు. బడికి రాకముందే అది చేతిపని చదువులో ఒక తరగతి దాటియున్నది.

అడ్డాకు ఆకృతి కూడ ఈ పనికే ఏర్పడినట్లుండును. దాని కొన నడుమ చీలి, రెండు గుండ్రని రేకలుగా విడియుండును. నడిమి ఈనె వెంబడి మడచినచో ఒక సగము రెండవ సగముపై ఒదిగి కూర్చుండును. ఈ జాతి చెట్లన్నిటికి వృక్షశాస్త్రమున 'బౌహీనియా' యని పేరు. జోహన్ బౌహిన్ (1541–1613), గాస్పార్ బౌహిన్ (1560–1624) అను వృక్షశాస్త్రజ్ఞులైన సోదరుల జ్ఞాపకార్థము ఆ పేరు పెట్టబడినది. ఒకే ఆకున జతగానున్న రెండు రేకలు ఆ అన్నదమ్ములను తలపించునని పెద్దలు చెప్పుదురు. అదే జాతిలోని దేవకాంచనము సరిగా శరత్తులోనే గులాబి, ఊదా వన్నెల పూలు పూయును. దాని ఆకును రెండు రేకలదే, అయితే చిన్నది. ఆకునకు అడ్డాకు, పూవునకు దేవకాంచనము: మన ఋతువున కొమ్మ నింపుటకు ఈ రెండును చాలును.

కాగితమును ఒక్కసారి మడచి, సగము ఆకారమును కత్తిరించి విప్పినచో నిండు ఆకారము వచ్చుట పెద్దలకు వింతగా తోచకపోవచ్చును. ఆరేండ్ల బిడ్డకు అది గణితపు తొలి ద్వారము. జర్మనీ దేశమున ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గు అను ఊర శిశువిద్యాలయము స్థాపించి, కాగితము మడచుట, కత్తిరించుట, అల్లుట పిల్లల అభ్యాసములలో చేర్చెను. ఆ మడత పాఠమునుండియే ప్రేరణ పొంది తండలము సుందరరావుగారు 1893లో మదరాసున ఇంగ్లీషులో ఒక గ్రంథము ప్రకటించిరి. స్కేలు, వృత్తలేఖిని లేకుండ, ఒక్క చదరపు కాగితమును మడచుచు సమబాహు త్రిభుజము, పంచభుజి, షడ్భుజి మొదలైనవి ఎట్లు సాధింపవచ్చునో వారందు చూపిరి. జర్మను గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ గ్రంథమును తన ఉపన్యాసములలో పేర్కొనెను. 1901లో అది అమెరికాలో మరల అచ్చయినది. 1937లో వార్ధాలో మహాత్ముడు చేతిపనిని కేంద్రముగా చేసికొని చదువు సాగవలెనని ప్రతిపాదించినపుడు, ఆ చేతిపని బిడ్డ పుట్టిన ఊరి జీవితమునుండియే రావలెనని ఆయన భావము. అందుచేత పాఠశాలలో కాగితపు పని కాలక్షేపము కాదు. చేయి, కన్ను, బుద్ధి మూడును ఒక్క పనిపై నిలుచు సమయమది.

ఇక సామగ్రి. వాడి పారవేసిన నోటు పుస్తకపు పుటలు, వార్తాపత్రికలు, మూడు నాలుగు వన్నెల పలుచని కాగితములు, మొన మొద్దుగానున్న చిన్న కత్తెర, కొంచెము దారము చాలును. జిగురునకు ఉడికిన అన్నపు మెతుకులు నలిపినను, మైదాపిండిని నీళ్ళలో ఉడికించినను సరిపోవును. పురుగు పట్టకుండుటకు జిగురులో మైలుతుత్తము కలుపు అలవాటు కొన్నిచోట్ల కలదు. అది విషము. వ్రేళ్ళు నోట పెట్టుకొను పిల్లల దరికి దానిని రానీయరాదు.

కత్తెర పట్టకముందు చింపుట నేర్పవలెను. వార్తాపత్రికను పైనుండి క్రిందికి చింపిన సాఫీగా చిరుగును, అడ్డముగా చింపిన వంకరలు పోవును. ఏలయన, యంత్రముపై కాగితము తయారగునపుడు అందలి నారపోగులలో ఎక్కువ భాగము యంత్రము నడచు దిక్కుననే పరుండును. వెదురును నిలువున చీల్చిన చీలును, అడ్డముగా చీల్చిన చీలదు. ఈ సంగతి కొండ బిడ్డకు మనకంటె బాగుగ తెలియును. ఆ వెదురే కాగితమైన కథ కూడ ఇచ్చట చెప్పదగినది. రంప ప్రాంతపు అడవుల వెదురు ఎన్నో ఏండ్లు రాజమహేంద్రవరములోని కాగితపు మిల్లునకు దిగివెళ్ళినది. నేడు ఆ మిల్లునకు ఎక్కువగా చేలలో పెంచిన సరుగుడు, సుబాబుల్ కఱ్ఱ వచ్చుచున్నది. తన కొండమీది పొదకును, తన చేతిలోని పుటకును ఇట్టి చుట్టరికము కలదని తెలిసిన బిడ్డ కాగితమును వృథాగా చింపుటకు వెనుదీయును.

మొదటి పని ఆకు. పిల్లలను ముందుగా బయటకు తీసికొనిపోయి, తలకొక ఆకు తెచ్చుకొన నీయవలెను. దానిని మడచి చూడనీయవలెను. పిమ్మట 16 సెంటీమీటరుల చదరపు పచ్చకాగితమును నిలువున సగముగ మడచవలెను. మడత బిడ్డ ఎడమచేతి వైపునకు ఉండవలెను. క్రింద, మడతవద్ద తొడిమ మొదలగును. అచ్చటనుండి గీతను కుడివైపునకు గుండ్రముగా తీసికొనిపోయి, పైకి త్రిప్పి, మరల మడతవైపునకు వంచి, మడత అంచున పైనుండి మూడవ వంతు దిగువకు తెచ్చి కలుపవలెను. ఆ గీతమీద కత్తిరించి విప్పినచో చీలిన కొనతో నిండు అడ్డాకు తయారగును. మడతయే నడిమి ఈనె. మడత ఉన్న అంచును మరచి తెరచిన అంచును కత్తిరించిన బిడ్డకు రెండు వేరు ముక్కలు వచ్చును. అందులకు కోపపడ నక్కరలేదు. అది ఎందుకట్లయినదో ఆ బిడ్డచేతనే చెప్పించినచో, మడత యేమి చేయుచున్నదో తరగతికంతటికి తెలిసిపోవును.

రెండవది పూవు. దేవకాంచనమునకు అయిదు సన్నని రేకులు. 20 సెంటీమీటరుల పొడవు, 7 సెంటీమీటరుల వెడల్పు గల గులాబివన్నె పట్టీని విసనకఱ్ఱ మడతవలె ముందుకు వెనుకకు నాలుగు మార్లు మడచిన అయిదు పొరలగును. పైపొరమీద ఒక రేకు గీసి, రెండు ప్రక్కల మడతలును తెగునట్లు కత్తిరించినచో ఒక్క కోతకు అయిదు రేకులు వచ్చును. పిల్లలు వానిని లెక్కించి, మొదళ్ళు కలిపి, నడుమ చుట్టిన సన్నని కాగితపు కేసరములతో అంటింతురు. ఒక పూవునకు అయిదు రేకులైన, మూడు పూలకు ఎన్ని? ఎక్కము పుస్తకమున లేదు, చేతిలోనే యున్నది.

మూడవది శరత్పూర్ణిమ నాటి చంద్రుడు. 12 సెంటీమీటరుల తెల్లని చదరపు కాగితమును నిలువున ఒకసారి, అడ్డముగా ఒకసారి మడచవలెను. పొరలన్నియు మూసియున్న మూల చదరమునకు నడిబొడ్డు. ఆ మూల మొనయగునట్లు ఐమూలగా మరియొకసారి మడచి, మొననుండి రెండు అంచులందును 5 సెంటీమీటరుల దూరమున చుక్కలు పెట్టి, వానిని వంపుగీతతో కలిపి కత్తిరింపవలెను. విప్పినచో చంద్రబింబము వచ్చును, దానిపై ఎనిమిది సమభాగముల మడత గీతలు కనిపించును. అంచు ఒకింత వంకరపోయినను దిద్దరాదు. బిడ్డ కత్తెర అట్లే నడచును.

నాలుగవది ఆకాశదీపము. కార్తికమున దేవాలయపు ధ్వజస్తంభముపైకి దీపము ఎత్తుట మన దేశమున పలుచోట్ల ఆచారము. 20 సెంటీమీటరుల పొడవు, 15 సెంటీమీటరుల వెడల్పు గల కాగితమును పొడవు వెంబడి సగముగ మడచి, మడత అంచునుండి రెండవ అంచువైపునకు ఒకటిన్నర సెంటీమీటరుల ఎడముతో వరుసగా గాట్లు పెట్టవలెను. ప్రతి గాటును తెరచిన అంచునకు 2 సెంటీమీటరులు ఇవతలనే ఆగవలెను. విప్పి, గాట్లు నిలువుగా నుండునట్లు గొట్టముగ చుట్టి అంచులంటించి, మెల్లగా పైనుండి నొక్కిన నడుము బుంగవలె ఉబ్బును. ఎత్తు తగ్గినను చీలికల పొడవు తగ్గదు గనుక అవి వెలుపలికి వంగక తప్పదు. పైన ఒక పట్టీ అంటించి వ్రేలాడదీయవచ్చును. ఇందులో దీపము గాని, క్రొవ్వొత్తి గాని వెలిగించరాదు. లోపల పసుపు కాగితపు గొట్టమొకటి నిలిపిన అదే వెలుగుగా తోచును.

ఈ నాలుగును ఒక్కనాటి పని కాదు. వారమున కొకటి చొప్పున నాలుగు వారములు పట్టనిచ్చుట మేలు. పొడవైన ఎండుకొమ్మ నొకదానిని గోడకు కట్టి, ఒక్కొక్క బిడ్డ ఆకును, పూవును దానికి తగిలింపవలెను. ప్రతి ఆకు క్రింద దాని పేరు వ్రాయింపవలెను. కొండరెడ్ల బిడ్డలకు తెలుగే ఇంటిమాట. కోయ బిడ్డలలో కొందరికి ఇంటిమాట వేరు. అట్టి బిడ్డ తన ఇంట ఆ ఆకును ఏమని పిలుతురో అడిగి, ఆ మాటను కూడ తెలుగు లిపిలో ప్రక్కనే వ్రాయవలెను. ఆశ్రమ పాఠశాలలో చదువు చిన్నబిడ్డ అమ్మకు, అడవికి దూరముగా నుండును. తాను ఎరిగిన ఆకు, తాను పలుకు మాట తరగతి గోడపై కనబడిన దినమున, చదువు తనకు పరాయిది కాదని ఆ బిడ్డకు ఎవ్వరును చెప్పకనే తెలియును. పరదేశపు ఆకు నొకదానిని ఎంత అందముగా కత్తిరించినను ఈ మేలు కలుగదు. ఇతర దేశముల ఋతువులను గూర్చియు పిల్లలు తెలిసికొనవలసినదే. అయితే అది తమ ఋతువును తెలిసికొనిన పిమ్మట, ఇది ఆ దేశపు సంగతి యని చెప్పి నేర్పవలెను.

పట్టణములలోని తల్లిదండ్రులకును ఈ పని అసాధ్యము కాదు. ఉద్యానములలో, వీథుల ప్రక్కన దేవకాంచనము విరివిగా కనిపించును. అది దొరకనిచో దసరానాటి జమ్మిరెమ్మ, పెరటిలోని మందారము, గుమ్మడిపాదు, ఏది బిడ్డ కంటికి ఎదురుగా నున్నదో అదే నమూనా. నియమము ఒక్కటే. ముందు నిజమైన ఆకు, తరువాత కాగితపు ఆకు.

నాలుగు వారములు ముగిసిన పిదప కొమ్మను గోడనుండి తీసివేయరాదు. మాఘము వచ్చినపుడు పిల్లలను మరల బయటకు తీసికొనిపోయి అడవి చూపి, రాలిన జాతుల ఆకులను కొమ్మనుండియు తీయింపవలెను. చెట్టున నిలిచియున్న ఆకు కొమ్మపైనను నిలిచియుండవలెను. చైత్రమున పుసుగు, మామిడి చిగిర్చినపుడు, దాచియుంచిన ఎర్ర కాగితములు వెలికి తీయవలెను.